కలబడిలో పెద్దావిడ

తులశమ్మ తానల్లుతున్న కలలో రోడ్డు మీద కాస్త మంచు పరిచి, రెండు మేకల్ని వదిలింది. నిద్రలోనే బండి నడపడం నేర్పే కలబడి హాల్లో మంచాల మీద నిద్రపోతున్న కొత్త డ్రైవర్లు కలలోనే బండి నెమ్మది చేశారు. దుప్పట్ల కింద వాళ్ల కుడికాళ్లు మెత్తగా కదిలాయి.

"మేకలు భలే ఉన్నాయి," అన్నాడు వెనక నిలబడ్డ పర్యవేక్షకుడు జోగారావు. "పెద్దావిణ్ణి మాత్రం తీసెయ్యాలమ్మా. ప్రభుత్వం శిక్షణ నియమాలు మార్చింది. చెయ్యెత్తి రోడ్డు దాటే పాఠం ఇక ఉండదు."

"ఎందుకనండీ?"

"అందరి మెడలోనూ సైగపూస ఉందిగా. దాన్ని చూసి బండే ఆగుతుంది. ఇంక మనిషి చూడ్డం దేనికి?"

"మా అమ్మ మెడలో లేదండీ. దురదట."

"అయితే రోడ్డెక్కొద్దని చెప్పు."

"మీరే చెప్పండి. మీ పూస తెంపి మీ చేతిలో పెడుతుంది."

జోగారావు నవ్వాడు. "ఆవిణ్ణి ఉంచామని పైవాళ్లకు తెలిస్తే నీ ఉద్యోగమూ పోతుంది, నాదీ పోతుంది. తీసెయ్," అని వెళ్లిపోయాడు.

కలలోని పెద్దావిణ్ణి తులశమ్మ తన తల్లి సన్నమ్మను చూసే అల్లింది. అదే ముక్కుపుడక, అదే నడక. ఎడమచేత్తో కొంగు పట్టుకుని, కుడి అరచెయ్యి బండ్లకు అడ్డంపెట్టి, వాటి వంకైనా చూడకుండా దాటేయడం. సన్నమ్మ రోజూ కూతురికి క్యారేజీ తెస్తూ ఈ కలబడి ముందే అలా దాటుతుంది. పూస లేని మనిషి బండికి గాలితో సమానం. ఆపుపలక మీదుండే డ్రైవరు కాలొక్కటే ఆమెకు దిక్కు. ఆ కాలికి ఇక నేర్పేవాళ్లుండరు.

కలల్ని నియమాలతో సరిచూసే నియమయంత్రం నెమ్మదిగా అడిగింది: "పూస లేని పాదచారి. చెరిపెయ్యనా?"

తులశమ్మ కలలో మంచును ఇంకాస్త దట్టం చేసింది.

"వద్దు. అన్ని కలల్లోనూ ఉంచు."

"ఏ పాఠం పేరుతో?"

"పేరొద్దు. మంచుతో పాటు వస్తుంది."

రాష్ట్రంలోని కలబడులన్నిటా మంచు విచ్చుకుంది. అందులోంచి సన్నమ్మ అరచెయ్యి చూపిస్తూ రోడ్డు మీదకు దిగింది. "ఆగండ్రా! కళ్లు నెత్తికెక్కాయా?"

హాల్లో కుడికాళ్లన్నీ ఒక్కసారే పరుపుల్ని నొక్కాయి.

నిద్రలేచిన ఒకమ్మాయి బిగుసుకున్న తన కాలు వంక చూసుకుంది. "ఆ తిట్టినావిడ దాటేశారాండీ? కాలు తియ్యొచ్చా?"

తులశమ్మ కిటికీలోంచి చూసింది. రోడ్డుకు అవతల, క్యారేజీతో, అమ్మ అప్పుడే చెయ్యెత్తుతోంది.

"ఇంకా లేదమ్మా," అంది. "ఉంచు."