కొలనులోకి తెచ్చిన కప్పలు

ఫరీదాబాద్‌లోని ఆ ప్రభుత్వ క్వార్టర్ల కాలనీలో పద్నాలుగో నంబరు ఇల్లంటే అందరికీ భయమే. ఇల్లు మంచిదే. చెడ్డపేరంతా పెరట్లో ఉన్న సిమెంటు కొలనుది. ఎప్పుడో ఒక ఆఫీసరు తామరపూల మీద మోజుతో కట్టించాడట. ఆయన బదిలీ మీద వెళ్ళిపోయాక, ఇస్త్రీ చేసే ఆవిడ పసిపిల్ల పాక్కుంటూ వచ్చి అందులో పడి చనిపోయిందట. అప్పట్నుంచీ వానాకాలం రాత్రుళ్ళు, కరెంటు పోయినప్పుడు, అందులోంచి ఏడుపు వినిపిస్తుందని చెప్పుకుంటారు. సన్నగా... ఆగి ఆగి...

ఆ ఇల్లు శశిధర్ పేరున వచ్చింది. వద్దంటే మళ్ళీ వరస ఎప్పటికొస్తుందో! పోనీ ఇందువల్ల వద్దు అని రాద్దామంటే, దెయ్యం కోసం ఏ ఫారంలోనూ గడి ఉండదు మరి. సామాను దించుకున్నారు.

అతని భార్య ఇంద్రాణికి దెయ్యాల భయం లేదు. ఆవిడ భయమల్లా దోమలు. కిందటేడు లక్ష్మీ నగర్‌లో అద్దెకున్నప్పుడు ఆరేళ్ళ కూతురు సాత్వికకి డెంగీ వచ్చి, నాలుగు రాత్రులు ఆస్పత్రిలో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. ఇంకోసారి వస్తే ఇంకా ప్రమాదం అని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇక్కడ చూస్తే పెరట్లోనే కొలను, నీళ్ళనిండా గిలగిల్లాడే దోమపిల్లలు. పూడ్చమని పెట్టిన అర్జీ ఏ బల్ల మీద నిద్రపోతోందో తెలీదు. తోడేసినా వానకి మళ్ళీ నిండుతుంది.

ఊరి బయట వరి మడుల్లోంచి కాలనీలో తోటపని చేసే మాలీ చేత బకెట్టెడు తోకకప్పల్ని తెప్పించింది. అవి దోమపిల్లల్ని తింటాయి.

"ఆ నీళ్ళ జోలికి పోకు తల్లీ," అంది పక్కింటి నాగమల్లేశ్వరి, గోడ అవతల నుంచి గొంతు తగ్గించి. "పదకొండేళ్ళ నుంచి ఇక్కడే ఉంటన్నా. నా చెవులతో విన్నా."

ఇంద్రాణి వినలేదు. పాత నీళ్ళు తోడిపోసి, కొళాయి నీళ్ళు నింపి, తోకకప్పల్ని వదిలింది. సాయంత్రానికి అన్నీ పొట్టలు పైకి తేలాయి.

నాగమల్లేశ్వరి చేతులెత్తి దండం పెట్టింది. దెయ్యమూ కాదు, భూతమూ కాదు, కొళాయి నీళ్ళలో బ్లీచింగు. ఆ తప్పు ఇంద్రాణి మళ్ళీ చెయ్యలేదు. డాబా మీద పడిన వాననీళ్ళు డ్రమ్ముల్లో పట్టి కొలను నింపింది. ఈసారి తోకకప్పలతో పాటు రెండు పెద్ద కప్పల్ని కూడా తెప్పించింది. అన్నీ బతికాయి. పదిరోజులైనా నీళ్ళలో ఒక్క దోమపిల్ల కనబడలేదు.

"మమ్మీ, దేఖో! వీటికి కాళ్ళొచ్చాయి!" అని సాత్విక ఒకటే గంతులు. అయినా పిల్లని ఒంటరిగా కొలను దగ్గరికి పోనిచ్చేది కాదు ఇంద్రాణి. భయం లేదంటూనే... ఎందుకో.

శశిధర్ టూరు మీద వెళ్ళిన రాత్రి పెద్ద వాన పడి వెలిసింది. ఎనిమిదిన్నరకి కరెంటు పోయింది. డాబా అంచు నుంచి చుక్కలు పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

అప్పుడు — ఏడుపు.

ఇంద్రాణి ముందు పక్కమీద తడిమింది. సాత్విక ఉంది. నిద్రపోతోంది. ఊపిరి వెచ్చగా చేతికి తగిలింది.

మళ్ళీ ఏడుపు. సన్నగా... ఆగి... మళ్ళీ.

పెరటి వైపు నుంచే!

ఆవిడ లేచి కూర్చుంది. తేల్చుకోవాలి. నిజంగా అక్కడ ఏదన్నా ఉంటే ఈ ఇంట్లో పిల్లని ఒక్క పూట కూడా ఉంచకూడదు. ఫోన్ లైటు వేసుకుని, చీపురుకర్ర పట్టుకుని, గడియ తీసింది.

తడిగడ్డి. ఒక అడుగు... ఇంకో అడుగు. ఏడుపు దగ్గరైంది. పాలకోసం గుక్కపట్టిన పసిగొంతు, అచ్చంగా అదే. కొలను గట్టు మీద ఏదో కదిలింది. లైటు అటు తిప్పింది —

పాము!

నీరుకట్టె పాము. దాని నోట్లో పెద్దకప్ప వెనకకాలు. కప్ప నోరు బార్లా తెరిచి ఏడుస్తోంది.

కర్రతో నేల మీద దబదబా బాదింది. పాము కప్పని వదిలి నీళ్ళలోకి జారిపోయింది. ఏడుపు ఠక్కున ఆగింది.

ఇంద్రాణి అక్కడే చతికిలబడి, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. కాలనీ కాలనీని హడలగొట్టిన దెయ్యం ఇదా!

మర్నాడు మాలీ పామును పట్టి కాలవలో వదిలొచ్చాడు. ఆ సాయంత్రం మొదటిసారి సాత్వికని కొలను దగ్గర ఆడుకోమని వదిలేసి, ఇంద్రాణి గోడ దగ్గర నిలబడి సంగతంతా చెప్పింది.

"కప్ప అండీ! పాము నోట్లో కప్ప. అంతే. దానికి మీరు ఇన్నేళ్ళూ..."

నాగమల్లేశ్వరి నవ్వలేదు. ఇంద్రాణి మొహంలోకి చూస్తూ, మెల్లిగా అడిగింది.

"నువ్వు తెచ్చిందాకా ఆ కొలనులో కప్పన్నదే లేదు గదమ్మా... మరి ఇన్నేళ్ళూ నేను విన్నదెవరిని?"

ఇంద్రాణి గిరుక్కున వెనక్కి తిరిగింది.

సాత్విక గట్టు మీద బోర్లా పడుకుని ఉంది. ఒక చెయ్యి నీళ్ళలో పెట్టి మెత్తగా తడుతోంది... జోకొడుతున్నట్టు. తల్లి పరుగున రావడం చూసి, రెండో చేతి వేలు పెదవుల మీద పెట్టుకుంది.

"ష్... మమ్మీ, ధీరే. పాప ఇప్పుడే నిద్రపోయింది."