హీటరుకు కుట్టిన గౌను

తెల్లారి పాలు పొంగేలోపు అత్తగారు మిక్సీకి గౌను విప్పింది, ఫ్రిజ్జు పైట సర్దింది, గ్యాస్ సిలిండరు లంగా కాస్త పైకి దోపి రెగ్యులేటరు తిప్పింది. ఆ ఇంట్లో పొద్దున్నే పని మొదలవడమంటే అంతే. ముందు సామాన్లకు బట్టలు విప్పాలి, పనయ్యాక మళ్ళీ తొడగాలి.

ఆవిడ చాలా ఏళ్ళు దర్జీ పని చేసిన మనిషి. మోకాళ్ళు మొరాయించాక దుకాణం మూసేసి, కుట్టుమిషను తెచ్చి హాల్లో కిటికీ పక్కన పెట్టుకుంది. కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళు తగ్గారు గానీ చేతుల దురద తగ్గలేదు. మనుషులు దొరకనప్పుడు వస్తువుల నడుము కొలిచేది. టీవీకి కుచ్చుల ముసుగు, మంచినీళ్ళ డబ్బాకు చేతుల్లేని చొక్కా, ఇస్త్రీపెట్టెకు సంచీ. దుమ్ము పడితే ఏ వస్తువైనా ఆయుష్షు తగ్గిపోతుందని ఆవిడ గట్టి నమ్మకం.

"ఈ ఇంట్లో నాకు మూడు చొక్కాలు, సిలిండరుకు నాలుగు లంగాలు" అని కొడుకు అప్పుడప్పుడూ వాపోయేవాడు. అతనిది రంగుల దుకాణంలో రంగులు కలిపే పని. ఎంత తోముకున్నా ఏదో ఒక గోరు ఆకుపచ్చగానో నీలంగానో ఉండేది.

ఇక కోడలి సంగతి. పాప పుట్టినప్పటి నుంచి ఆ అమ్మాయికి భయం ఒక ఉద్యోగమైపోయింది. పాప దగ్గితే భయం, దగ్గకుండా పడుకుంటే ఊపిరి ఆడుతోందో లేదోనని భయం. చదువు పదో తరగతితోనే ఆగిపోయినా, 'హెచ్చరిక' అని ఎక్కడ అచ్చయి ఉన్నా చివరి అక్షరం దాకా చదివి గానీ వదిలేది కాదు. పాపకు పది నెలలు. నేల మీద ఏది కనిపించినా పాక్కుంటూ వెళ్ళి నోట్లో పెట్టుకుంటుందని అందరూ చీమ అని పిలిచేవారు.

ఆ ఏడు చలి ముదరడంతో గోడకు బిగించే కరెంటు హీటరు ఒకటి కొన్నారు. బిగించడానికి వచ్చిన కరెంటాయన డ్రిల్లు తీయకముందే కోడలు హీటరుతో పాటు వచ్చిన కాగితం పట్టుకుని ఎదురుగా నిలబడింది.

"ఎక్కడ పెడుతున్నారన్నా?"

"ఇదిగో, ఈ ప్లగ్గు కిందమ్మా. వైరు కూడా కనబడదు, అందంగా ఉంటది."

"ప్లగ్గు కింద పెట్టకూడదని ఇందులో ఉంది. వేడికి ప్లగ్గు పాడైపోతుందట."

ఆయన చంకన డ్రిల్లు పెట్టుకుని నిట్టూర్చాడు. "సరే, ఆ మూలకి పోదాం. ఎక్స్‌టెన్షన్ బాక్సు ఉందిగా, అందులో పెట్టేస్తే ఐపోయె."

"అందులో ఇప్పటికే ఫ్రిజ్జూ టీవీ ఉన్నాయి. హీటరు లాగే కరెంటు అది తట్టుకుంటుందా? దీనికి వేరే లైను, వేరే స్విచ్చు ఉండాలని రాసుంది."

"నేను పుట్టింది ఈ పనిలోనేనమ్మా!"

"కావచ్చన్నా. కానీ మా పాప పుట్టింది ఈ ఇంట్లో."

వంటింట్లోంచి అత్తగారు నవ్వు ఆపుకోలేక దగ్గింది. కరెంటాయన గొణుక్కుంటూనే మీటరు బోర్డు నుంచి వేరే లైను లాగాడు. ఎర్తు కలిపాడు. పరదాకు దూరంగా, గట్టి గోడ చూసి, నేలకు దగ్గరగా, కాగితంలో చెప్పిన ఎత్తున రంధ్రాలు వేసి హీటరు బిగించాడు. కోడలు దాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపి చూసింది. గోడ కదిలినా అది కదిలేలా లేదు.

"నన్ను కూడా ఊపి చూస్తావా అమ్మా?" అని ఆయన టీ తాగి వెళ్ళిపోయాడు.

మొదట్లో హాలు అమ్మ ఒడిలా వెచ్చగా ఉండేది. పాప ముక్కు కారడం తగ్గింది. అత్తగారి మోకాళ్ళు తిట్టడం మానేశాయి. తర్వాత ఏమొచ్చిందో, హీటరు తనంతట తానే ఆగిపోవడం మొదలెట్టింది. కాసేపు ఊరుకుంటే వస్తుంది, మళ్ళీ పోతుంది.

"దానికీ చలేస్తోందేమో" అన్నాడు మొగుడు.

కోడలికి నవ్వు రాలేదు. పైగా గదిలో ఏదో వెచ్చటి గుడ్డ వాసన, ఇస్త్రీ ఎక్కువైనప్పుడు వచ్చే వాసన. ఆ మధ్యాహ్నం పాపను పడుకోబెట్టి హాల్లోకి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది.

హీటరు గౌను వేసుకుని ఉంది. లేత పసుపు గుడ్డ. మెడ దగ్గర నుంచి కింద దాకా వరసగా తెల్ల బాతులు. స్విచ్చు తిప్పుకోవడానికి వీలుగా చక్కటి కాజా. అంచుకు లేసు. లోపల హీటరు వెలుగుతూనే ఉంది.

కోడలు పరిగెత్తి స్విచ్చు ఆపి గౌను లాగేసింది. చెయ్యి చురుక్కుమంది.

"ఏంటత్తయ్యా ఇది?"

అత్తగారు మిషను మీంచి తలెత్తింది, మెప్పు కోసం చూసేవాళ్ళ మొహంతో. "బాగుందా? లేసు మనింట్లోదే. రోజూ నువ్వు చీమకి పాలు పట్టేటప్పుడు కొలత చూసుకోవడానికి తొడుగుతున్నా, నువ్విటు వచ్చేలోపు తీసేస్తున్నా. మొత్తం పూర్తయ్యాక చూపిద్దామని."

"పాపను పెట్టుకుని దీని మీద గుడ్డ కప్పుతారా? హీటరేమన్నా పెళ్ళికూతురా, ముసుగేయడానికి!"

"కింద జాగా వదిలాగా. కొలిచే వదిలా."

"వేడి పోయేది పైనుంచండీ! అది మూసేస్తే లోపల్లోపలే కాగి కాగి అంటుకుంటుంది. అందుకే అది ఆగిపోతోంది. దానికున్న బుద్ధి కూడా..." అక్కడ నాలుక కరుచుకుంది గానీ ఆలస్యమైపోయింది.

అత్తగారి మొహం పాలిపోయింది. "చెప్పమ్మా, పూర్తి చెయ్యి. నాకు లేదంటావు."

"మీ కుట్టు పిచ్చి నా బిడ్డ ప్రాణం మీదికి తెచ్చేలా ఉంది అంటున్నాను."

"నీ బిడ్డా? మరి నాకేమవుతుంది అది?"

కోడలు సాయంత్రం మొగుడు రాగానే తేల్చి చెప్పేసింది. "ఆదివారం మా అమ్మ దగ్గరికి వెళ్తున్నా. చలి పోయేదాకా పాపా నేనూ అక్కడే. వాళ్ళింట్లో గోడకి మేకులు తప్ప ఇంకేమీ ఉండవు."

"అది కాదే, ఇద్దరూ కూచుని ఒకసారి..."

"మీరు ఊరుకోండి."

"నువ్వు ఊరుకోరా" అంది అవతల గదిలోంచి అత్తగారు. ఆ రోజుకి వాళ్ళిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

ఆ తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. మిషను చప్పుడు లేదు. అత్తగారు ఫ్రిజ్జు పైట తీసి మడతపెట్టింది, టీవీ కుచ్చులు ఊడదీసింది. బట్టల్లేని సామాన్ల మధ్య ఇల్లు ఎవరో ఖాళీ చేస్తున్నట్టుంది. సిలిండరునైతే అటు చూడటానికే సిగ్గేసేలా నిలబెట్టింది. పాప బట్టలు మాత్రం తనే ఉతికి, ఆరబెట్టి, ఒక్కొక్కటీ పిల్ల బుగ్గ నిమిరినట్టు నిమిరి సంచీలో సర్దింది. ఒక్క మాట లేదు. తిట్టినా బాగుండును అనిపించింది కోడలికి.

శనివారం పొద్దున హీటరు వేసి కోడలు పాపను చాప మీద దించింది. చీమ అటూ ఇటూ చూసింది. గోడ మీద హీటరు చిన్న ఎర్ర దీపం మిణుకుమంటోంది. అంతే, బాణంలా దానికేసి పాకింది. కోడలు పట్టుకొచ్చి వెనక్కి పెట్టింది. మళ్ళీ పోయింది. మళ్ళీ తెచ్చింది. వంటింట్లో పొయ్యి మీద పాలు, ఇక్కడ ఈ పిల్ల. ఇక లాభం లేదని పెద్ద సోఫాను ఈడ్చుకొచ్చి హీటరుకు అడ్డంగా, దాదాపు ఆనించి పెట్టేసింది. హమ్మయ్య అనుకుంది. చీమ సోఫా కాళ్ళ దగ్గర కూచుని, తన హీటరు ఎవరో ఎత్తుకుపోయినట్టు ఏడ్చింది.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మొగుడు చెప్పులు విప్పుతూనే ముక్కు ఎగరేశాడు.

"ఏంటీ వాసన? రంగులో థిన్నరు ఎక్కువైనట్టుంది."

హాల్లోకి వెళ్ళి చూస్తే హీటరు ఆగిపోయి ఉంది. సోఫా వెనక రెక్సిను మెత్తబడి, ఒకచోట బుడగలా ఉబ్బి, ముట్టుకుంటే వేలికి అంటుకుంది. అతనికి అంత కోపం రావడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

"ఎవరు పెట్టారు దీన్నిక్కడ? ఇంకాసేపైతే ఇల్లు తగలబడేది! ఎవరు?"

కోడలు ఉబ్బిన రెక్సిను వంక చూసింది.  గుడ్డ కప్పారని అన్ని మాటలన్న మనిషి తను. అదే పని, గుడ్డకు బదులు సోఫాతో చేసింది తను. పాపను సంకన అదుముకుని నోరు తెరవబోయింది.

"నేనేరా" అంది అత్తగారు.

వంటింటి గుమ్మంలో తడి చేతులతో నిలబడి ఉంది. కొడుకు వంకే చూస్తోంది, కోడలి వైపు చూడటం లేదు. "ఊడుస్తూ జరిపాను. మళ్ళీ వెనక్కి జరపడం మర్చిపోయా. మోకాళ్ళు నొప్పిగా ఉంటే బుర్ర పనిచేయట్లేదు."

"మోకాళ్ళ నొప్పితో అంత సోఫా ఎలా జరిపావమ్మా?"

"కోపం వస్తే జరుగుతుందిలే."

కోడలికి కళ్ళు నిండిపోయాయి. ఈవిడకు దొరికిన అవకాశం మామూలుదా? 'మరి నీకెక్కడ పోయింది బుద్ధి' అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనే హక్కూ ఉంది. అలాంటిది పోయిపోయి ఆ తప్పు కూడా తన నెత్తిన వేసుకుంటోంది, పిల్లను తీసుకుని రేపు వెళ్ళిపోబోయే మనిషి కోసం.

"ఆవిడ కాదండీ. నేను జరిపాను." ఏడుపు మధ్యలో మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. "చీమ హీటరు మీదికి పోతోందని... చెయ్యి పెడుతుందేమోనని భయమేసి..."

"నేనూ అందుకేనే పిచ్చిదానా!" అత్తగారు గబగబా వచ్చి కొంగుతో కోడలి మొహం తుడిచింది, తడి చేతులతో ఇంకాస్త తడిపింది. "దుమ్ముకి కుట్టాననుకున్నావా? ఆ ఎర్ర దీపం కనబడితే ఇది ఆగట్లేదు. కనబడకుండా కప్పేస్తే అటు పోదనుకున్నా."

"మరి ఆ రోజే చెప్పొచ్చుగా అత్తయ్యా!"

"నువ్వు చెప్పనిచ్చావా? బుద్ధి లేదనే దాకా వెళ్ళిపోయావు."

మొగుడు తల గోక్కున్నాడు. "పాప అటు పోకూడదని కప్పావు, బాగుంది. మరి దాని మీద బాతులెందుకమ్మా? బాతుల్ని చూస్తే అది పాకడం కాదు, పరిగెత్తేది."

 ముందు కోడలికే నవ్వొచ్చింది. ఏడుపు ఇంకా పూర్తవలేదు, నవ్వు ఆగలేదు, రెండూ కలిసి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. అది చూసి అత్తగారు, వాళ్ళిద్దర్నీ చూసి చీమ.

ఆ సాయంత్రమే మొగుడు ఇనపచువ్వల కంచె ఒకటి తెచ్చి, చువ్వలు వేడెక్కనంత దూరంలో, పిల్ల చెయ్యి హీటరుకు అందకుండా గోడకు బిగించాడు. అత్తగారు మెడలో టేపు వేసుకుని, దర్జీ సుద్దముక్క పట్టుకుని మోకాళ్ళ మీద కూచుంది. హీటరు నుంచి మూడడుగులు కొలిచి నేల మీద అడ్డంగా గీత గీసింది. కోడలు టేపు రెండో చివర పట్టుకుంది. ఆ గీతకు లోపల కుర్చీ, పరదా, సోఫా, ఆరేసిన గుడ్డ, ఏదీ ఉండకూడదని ఇద్దరూ కలిసి తీర్మానించారు.

"కాస్త ఎక్కువ వదులుదామా అత్తయ్యా?"

"తర్వాత కుట్లు విప్పి వదులు చేసుకోవడానికి గుడ్డ వదిలినట్టు ఇంకో జానెడు వదులుదాం."

గీత చెరిగిపోతుందని దాని మీద రంగు వేసే పని మొగుడికి పడింది. అది ఆరీ ఆరకముందే స్నానం చేసొచ్చిన ఆ మహానుభావుడు తడి తువ్వాలు ఆరేద్దామని కుర్చీ ఈడ్చుకుంటూ హీటరు వైపు బయల్దేరాడు.

"ఆగు!" "ఆగండి!"

రెండు గొంతులూ ఒకేసారి లేచాయి. అతను తువ్వాలు పట్టుకుని గీత ఇవతల బొమ్మలా నిలబడిపోయాడు.

"ఇంతకుముందు ఒక్కరే అరిచేవారు" అన్నాడు దిగులుగా.

రాత్రి వంట మొదలెట్టకముందు కోడలు వాళ్ళమ్మకు ఫోన్ చేసింది. అవతల ఆవిడ అప్పుడే మంచం వేయించి, దుప్పట్లు దులిపించి, మనవరాలి కోసం ఎదురు చూస్తోంది.

"రేపు రావట్లేదమ్మా" అంది కోడలు.

"అదేంటే! అక్కడ భయంగా ఉందన్నావుగా?"

కోడలు హాల్లోకి తొంగి చూసింది. అత్తగారు పాపను ఒళ్ళో పెట్టుకుని, గీతకు ఇంకో అడుగు వెనగ్గా చాప జరుపుకుని, చాలదని మళ్ళీ జరుపుకుంటోంది.

"భయంగానే ఉందమ్మా" అంది. "కానీ మా అత్తయ్యకి నాకన్నా ఎక్కువ భయం. ఆవిణ్ణి ఒక్కదాన్నీ భయపడమని వదిలేసి ఎలా వస్తాను?"