ఫ్యాన్ కిందికి పోయిన నాలుగో మంచం

తప్పు మీదే. గచ్చిబౌలి ఏసీ గదుల్లో కూర్చుని దవాఖానలకు కంప్యూటర్ తెరలు గీసేవాళ్లందరిదీ. ఒక్కరోజైనా వార్డులో నిలబడ్డారా? పరమేష్ కూడా నిలబడలేదు. అందుకే మొదటిరోజే తిట్లు తిన్నాడు.

ఇబ్రహీంపట్నంలో ముప్పై పడకల దవాఖాన. రోగుల నాడి, ఆక్సిజన్ డాక్టర్లకు చూపించే తెరను డిజైన్ చేసింది అతనే. డ్యూటీ డాక్టర్ మనోజ ఫోన్ చేసి మరీ పిలిపించింది.

"నాలుగో నంబర్ ఎర్రగయ్యింది. మీ తెర మీద నాలుగో మంచం మూలకుంది. ఉరికిన. ఆడ వీరస్వామి తాత ఉప్మా తింటున్నడు!"

"మరి నాలుగో మంచం?"

"ఫ్యాన్ కింద! ఉక్కపోస్తుందని నీలమ్మ మనవలు మెషిన్‌తోటి సహా గుంజుకపోయిన్రు. ఆమెకు ఊపిరాడుతలేదు, నేను మూలకు ఉరుకుతున్న. రెండు నిమిషాలు పోయినయ్. ఏదో బతికింది."

"మంచాలు కదపొద్దని మాన్యువల్‌ల రాసినం మేడం."

మనోజ కళ్లద్దాలు పైకి తోసుకుంది. "ఫ్యాన్ తిరగని మూలకు మీరు పండున్రి, ఈ ఎండలకు. మాన్యువల్ నేను చదివి వినిపిస్త. వారం టైమిస్తున్న. సరిచేయకుంటే తెర పీకేస్త. కాగితమే నయం."

పరమేష్ కందుకూరు పిలగాడు. మాట పడ్డాక ఊరుకోలేడు. మర్నాడే వార్డులో స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

అక్కడ ఎవరూ నంబర్లు చెప్పరని తెలిసింది. నర్సు సుసన్న "నీలమ్మ సెలైన్ అయిపోయింది" అంటుంది, "నాలుగు" అనదు. మనోజ ఒక చేత్తో ఫైలు, ఇంకో చేత్తో స్టెతస్కోపు పట్టుకుంటుంది; తెర నొక్కడానికి మిగిలేది ఒక్క బొటనవేలు.

కొత్త తెరలో పదకొండు గ్రాఫులు పెట్టి మనోజకు చూపించాడు.

"ఏందిది, ముగ్గేసినవా?"

"అందంగ ఉంటదని..."

"అందం ఎవనిక్కావాలె? గుమ్మంల నిలబడితే కనబడాలె."

మూడోరోజుకే 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఆమె కళ్లద్దాలు పైకి తోసుకుంటే చూడాలనే అతను బటన్ల రంగులు తప్పు పెడుతున్నాడని సుసన్న అనుమానం.

ఏడోరోజు వాన దంచింది. కిటికీల్లోంచి జల్లు కొడుతుంటే బంధువులు మంచాలన్నీ అటు గోడకు లాగేశారు. పరమేష్ పట్టించుకోలేదు. కొత్త తెర మీద మంచాల బొమ్మే లేదు. పేరు, ఫోటో, పెద్ద అంకె. ప్రమాదమైతే రోగి పక్కనున్న మెషిన్ కూడా ఎర్రగా వెలిగి మోగుతుంది.

పరీక్షకని నాడి చూసే క్లిప్పు తన వేలికే పెట్టుకుని మంచాల మధ్య కూర్చున్నాడు. తెర మీద 'పరమేష్ 78'.

మనోజ వానలో తడిసి వచ్చింది. జడ కొసన నీళ్లు కారుతున్నాయి. క్లిప్పు సరిగ్గా ఉందో లేదోనని వంగి చూసింది.

96. 110. 121. మెషిన్ మోగింది. వార్డంతా తిరిగి చూసింది.

"సుసన్నక్కా, మెషిన్ ఖరాబైందా?" అడిగింది మనోజ.

"మెషిన్ మంచిగనే ఉంది. పిలగాడే ఖరాబైండు."

"డాక్టరమ్మా, జర దూరం జరుగు, చూద్దాం" అంది నీలమ్మ.

మనోజ నాలుగడుగులు వెనక్కి వేసింది. 104. 90. దగ్గరికొచ్చింది. 121.

"ఇంకోపారి పోయిరా బిడ్డా!" వీరస్వామి తాత లేచి కూర్చున్నాడు.

పరమేష్ క్లిప్పు పీకబోయి ఆగాడు. "దాయనీకి లేదు మేడం. గుమ్మంల నుంచి కనబడాలన్నవ్ గద. మీరంటే... నువ్వంటే ఇష్టం."

"నీ సంగతేందమ్మా?" అడిగింది నీలమ్మ. మనోజ చేతులు కోటు జేబుల్లో పెట్టుకుంది. "నేను డ్యూటీల ఉన్న."

అయినా ఆమే చెయ్యి చాచింది. పరమేష్ క్లిప్పు తీసి ఆమె వేలికి తొడిగాడు.

తెర మీద 117.

సుసన్న చప్పట్లు కొట్టింది. మనోజ మాత్రం తెరనే చూస్తూ కళ్లద్దాలు పైకి తోసుకుంది.

"ఏందిది? నా నాడి నీ పేరు మీద చూపిస్తుంది!"

"అవ్... మనిషి మారితే పేరు అడగాలె. మర్చిపోయిన."

"గిదే నీలమ్మకైతే?"

పరమేష్ నవ్వు ఆగిపోయింది.

"ఆదివారం మీ బాపును కోహెడకు మా ఇంటికి తోలుకరా, మా బాపుతోటి మాట్లాడాలె. గంతకంటె ముందు గిది సరిచెయ్. ఇప్పుడే. ఈడనే కూసొని."

అతను స్టూలు లాక్కున్నాడు. మీరూ లేవండి. ల్యాప్‌టాప్ తీసుకుని ఏదైనా వార్డుకు పోండి, స్టూలు అడిగి వేసుకోండి. ఇవాళే. ఆ తర్వాతే తెర గీయండి.