ఫోన్ వెనకాల మనిషి

కోడుమూరు నేతగాళ్ల వీధిలో ఎండ అప్పుడే అరుగులెక్కుతోంది. గంగాదేవి రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. లోపల గుంతమగ్గం మీద ఆమె భర్త మద్దిలేటి పట్టంచు చీర నేస్తున్నాడు. మగ్గం చప్పుడు మీదుగా గొంతు పెంచి మాట్లాడుకోవడం వాళ్లిద్దరికీ ఏళ్ల తరబడి అలవాటు.

"దాసన్న మళ్లా ఫోన్ చేసినాడు. గురువారం తాంబూలాలకు ఆత్మకూరు నుంచి వాళ్లోళ్లంతా వస్తారంట. వాళ్ల పిల్ల శశికళ మనోడి ఫొటో చూసి సరే అనిందంట," అన్నాడు మద్దిలేటి.

"మనోడు మాత్రం ఆ పిల్లను ఒక్కసారి చూస్తాననల్యా," అంది గంగాదేవి.

"సిగ్గులే."

సిగ్గు కాదని ఆమెకు తెలుసు. ఉమామహేశ్వర వాళ్ల ఒక్కగానొక్క కొడుకు. ఐటీఐ చదివి, పెనుకొండ దగ్గర కొరియావాళ్ల కార్ల కంపెనీలో ఎలక్ట్రీషియన్‌గా చేరి, వాళ్ల భాష కాస్త పట్టుకున్నాడు. అక్కడి కొరియా సూపర్‌వైజరు మంగోలియాలో ఉన్న తన బంధువుల దగ్గర పని ఉందంటే ఉలాన్‌బాతర్ వెళ్లాడు. అక్కడ కొరియావాళ్లు శానామంది ఉన్నారనీ, వాళ్ల అంగళ్లు, వాళ్ల చర్చి, వాళ్ల బడి అన్నీ వాళ్లవేననీ ఫోన్లో చెప్పేవాడు. ఆరేళ్లు ఉండి, పోయిన దీపావళికి ముందు ఒక్క సంచీతో తిరిగొచ్చాడు. పని అయిపోయిందన్నాడు. ఇంకేమైనా అడిగితే అన్నం దగ్గర నుంచి లేచిపోయేవాడు. ఇప్పుడు ఊళ్లోనే మోటార్లు బాగుచేసే షాపులో కూర్చుంటున్నాడు.

వాకిట్లో ఆటో ఆగింది. అందులోంచి ఒక పరదేశపు ఆడమనిషి దిగింది. ముప్పై లోపు వయసు. ప్రయాణంతో ముఖం వాడిపోయి ఉంది. చంకలో నిద్రమత్తులో ఉన్న ఆడపిల్ల. దారి తప్పి వచ్చిందేమో అనుకుంటూ గంగాదేవి లేచింది.

"అత్తా, నేను సూజిన్," అంది ఆమె. "ఆయన ఉండాడా?"

గంగాదేవి చేతిలో దారం తెగిపోయింది. ఆ మనిషి మాట్లాడింది తెలుగు. అదీ కోడుమూరు తెలుగు.

మద్దిలేటి గుంతలోంచి లేచి వచ్చాడు. "ఎవరమ్మా నువ్వు? యాడి నుంచి వచ్చినావు?"

"ఉలాన్‌బాతర్. మాది కొరియా. పెరిగింది ఆడ. ఉమా నా మొగుడు. ఇది హానా, మా బిడ్డ. మీరు పంపిన కారంపొడి పార్సిలు మీద మీ అడ్రసు ఉండె."

మద్దిలేటి వీధికి అటూ ఇటూ చూశాడు. తర్వాత భార్య చెవి దగ్గర మెల్లగా అన్నాడు. "నీళ్లిచ్చి పంపించు. వాడు ఈ ఊళ్లో ల్యాడని చెప్పు."

గంగాదేవి చెంబుతో నీళ్లు తెచ్చి గడప ఇవతలి నుంచే అందించింది. "వాడు ఈడ ల్యాడమ్మా," అంది తల వంచుకుని.

సూజిన్ నీళ్లు బిడ్డకు తాపింది. "అబద్ధం, అత్తా. అబద్ధం చెప్తే నీ గొంతు సన్నమైతాది."

"నా గొంతు సంగతి నీకెట్ల తెలుసు?"

"ప్రతి ఆదివారం నువ్వు వీడియో ఫోన్ చేస్తాంటివి. ఆయన నన్ను ముందుకు రావద్దంటాండె. నేను ఫోన్ వెనకాల కూసుంటాంటి. నువ్వు నన్ను చూడల్యా. నేను నిన్ను వింటాంటి. నీకు మోకాలు నొప్పి. సంతలో వంకాయలు పుచ్చులు. అంతా విని ఈ మాటలు నేర్చుకుంటి. ఒక దినం నాతో మాట్లాడతావని."

అన్నేళ్లు కొడుకు ఒక్కడే వింటున్నాడనుకుని గంగాదేవి చెప్పుకున్న ప్రతి మాటా ఈ మనిషి విని దాచుకుంది. బిడ్డ వైపు చూసింది. ఆ నుదురు, కలిసిన కనుబొమలు తన కొడుకువే. చెయ్యి చాపింది. బిడ్డ తల్లి మెడలో ముఖం దాచుకుంది.

అంతలో బండి చప్పుడైంది. ఉమామహేశ్వర వాకిట్లోకి వచ్చి అలాగే ఆగిపోయాడు. హానా తల ఎత్తి చూసింది.

"అప్పా," అంది.

ఆ వీధిలో ప్రతి మగమనిషినీ పిలిచే మాటే అది. కొరియావాళ్లు నాన్నను అలా పిలుస్తారని గంగాదేవికి తెలియదు. అయినా ఆ పిలుపు అర్థం కావడానికి ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. బిడ్డ చంక దిగి పరుగెత్తి, బండి ముందు రెండు చేతులూ ఎత్తి నిలబడింది. అతను హ్యాండిలు మీది చేతులు తీయలేదు. బిడ్డ తల మీదుగా సూజిన్‌ను చూసి, "ఎందుకొచ్చినావు?" అన్నాడు.

మద్దిలేటి అందరినీ లోపలికి తోసి తలుపు మూశాడు.

"పెండ్లయిందా నీకు?" అంది గంగాదేవి.

"అయింది."

"మరి ఆత్మకూరు పిల్ల గొంతు ఎందుకు కోయాలనుకుంటివి?"

"సంబంధం నేను తెమ్మన్యానా? మీరే తెచ్చినారు." అతను తల్లి వైపు తిరిగాడు. "ఆడి బతుకు నీకేం తెలుసుమా? ఈమె నాయనకు ఆడ హోటలు. ఇరవై ఏండ్లుగా మంగోలు మనుషుల మధ్య బతుకుతాండాడు. వాళ్లకే కూడు అమ్ముతాడు, ఒక్కర్ని తన ఇంట్లో కూసోనియ్యడు. నన్ను కూసోనిస్తాడా? పెండ్లి చేసుకున్యామని నా పని తీపిచ్చినాడు. ఊరి బయట గుడారాల పేటలో చేరితిమి. అంతా బొగ్గుపొగ. బిడ్డ ఒకటే దగ్గు. నావల్ల కాల్యా."

"నీవల్ల కాని చోట వీళ్లనెట్ల ఇడ్సిపెట్టి వస్తివి?"

"వాళ్ల నాయన కాడికి పోతాదనుకుంటి."

"పోతి," అంది సూజిన్. "నాయన నన్ను రమ్మనె. బిడ్డ వద్దనె. బిడ్డను చూస్తే మనోళ్లు ఏమంటారు అనె. అమ్మ దొంగగా వచ్చి చూసి పోతాండె, అంతే. పక్క గుడారంలో ఓయున్ అని ఒక మంగోలు ఆమె. మాకు బొగ్గు అయిపాయ. ఆమె వచ్చి నా పరుపు చుట్టుకొని పోయి తన ఇంట్లో ఏసింది. చలికాలం అంతా ఆడే. ఆమె నాకు ఏమీ కాదు. ఏమీ అడగల్యా."

మద్దిలేటి తలుపు గడియ మరోసారి సరిచూశాడు. "జరిగిందేదో జరిగింది. గురువారం దాసన్న వస్తాడు. ఈమె ఈడుంటే మనోళ్లు ఏమంటారు?"

సూజిన్ చప్పున తల ఎత్తింది. వేల మైళ్ల అవతల తండ్రి అన్న మాటే మామ నోట విని ఆమె పెదవులు బిగుసుకున్నాయి. గంగాదేవి అది చూసింది. గడప దాటకుండా తను అందించిన చెంబు గుర్తొచ్చి చెయ్యి కాలినట్టయింది. చలిలో వచ్చి పరుపు మోసుకుపోయిన ఆ పరాయి దేశపు ఆడది ఏ కులం చూసింది? సొంత నాయనమ్మ బిడ్డను వాకిట నిలబెట్టింది.

ఆమె ఫోన్ తీసి దాసన్నకు కలిపింది.

"అన్నా, మావాడికి ఇంతకుముందే పెండ్లయింది. బిడ్డ గూడా ఉండాది. మాకు ఇయ్యాలే తెలిసింది. మీ శశికళకు మావల్ల అన్యాయం జరగగూడదు. తిట్టుకుంటే తిట్టుకోండి."

అవతల నుంచి తిట్లు. గంగాదేవి చివరిదాకా వింది.

"నా బతుకు చెరిపితివి," అన్నాడు ఉమామహేశ్వర.

"నీ బతుకు అదో ఆడ నిలబడుండాది. ఎత్తుకో నాయనా."

అతను బిడ్డ వైపు ఒక అడుగు వేశాడు. హానా ఈసారి చేతులు చాపలేదు, తల్లి వెనక్కి తప్పుకుంది. అతను తలుపు తీసుకుని బయటికి పోయాడు. బండి చప్పుడు వీధి చివర మలుపు తిరిగింది. సూజిన్ పిలవలేదు.

"ఆయన్ను తీస్కపోను రాల్యా, అత్తా. నంబరు మార్చినాడు. మొహం చూసి ఒక మాట అడగాలనుకుంటి. మొహం చూస్తి. చాలు."

"ఇప్పుడేం చేస్తావు?"

"తెలీదు."

"తెలిసేదాకా ఈడే ఉండు," అంది గంగాదేవి.

వంటింట్లో పీట వాల్చి ఇద్దరికీ జొన్నరొట్టె, పప్పు పెట్టింది. బిడ్డ రొట్టె చిన్న చిన్న ముక్కలు చేసుకుని, ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు గబగబా తింది. కొడుకు ఎప్పుడు తిరిగొస్తాడో, అసలు వస్తాడో రాడో గంగాదేవికి తెలియదు.

పక్కింటి శివజ్యోతి వాకిట్లోంచి పిలిచింది. "గంగక్కా, ఆటోలో ఎవరో వచ్చినట్లుండారే. ఎవరు?"

గంగాదేవి లేవబోయింది. అంతకుముందే మద్దిలేటి మగ్గం గుంతలోంచి జవాబిచ్చాడు. చీర మీద నుంచి తల ఎత్తలేదు.

"మా కోడలమ్మా. మనవరాలు గూడా వచ్చింది."

పొద్దుటి నుంచి బిగబట్టుకున్న ఏడుపు గంగాదేవికి అప్పుడు తన్నుకొచ్చింది. వచ్చినవాళ్ల కోసమో పోయినవాడి కోసమో ఆమెకే తెలియలేదు. సూజిన్ పీట జరిపి ముందుకొచ్చి కూర్చుంది. ఈసారి ఎదురెదురుగా ఇద్దరి ముఖాలూ ఇద్దరికీ కనబడుతున్నాయి.