కాకి ముట్టని ముద్ద

“కాకి రాలేదా?” పానకాలరావు గొంతెత్తి అడిగాడు.

“కాఫీ రాదు. మీ కొలతలో కాఫీ లేదు,” అంది ఆయన మణికట్టు మీది పలుకుపట్టీ.

కృష్ణ ఒడ్డున కూర్చున్న బంధువులు ఉలిక్కిపడ్డారు. “పిండం ముందు కాఫీ ఏమిటండీ?” అన్నారు కర్మ చేయిస్తున్న అవధానిగారు.

“కాఫీ కాదండీ మహానుభావా, కాకి! రెండూ నల్లగా ఉంటాయనే గానీ ఒకటి కప్పులో ఉంటుంది, ఒకటి కప్పు మీద ఉంటుంది!”

ఎవరూ నవ్వలేదు. పానకాలరావు భార్య మాణిక్యాంబ పోయి పదో రోజు. పిండం అరిటాకు మీద ఎండుతోంది. తీగ మీద ఏడు కాకులు. ఒక్కటీ దిగడం లేదు.

“కోరికేదో మిగిలిపోయింది ఆవిడకి. ఇష్టమైన పదార్థం పక్కన పెట్టండి,” అన్నారు అవధానిగారు.

పానకాలరావు కూతురు ధరణి వైపు చూశాడు. ధరణి ఆయన వైపు చూసింది. ఆడపడుచు ఒకావిడ “బొబ్బట్లేమో?” అంది, ఆ మాట ఎక్కడో చదివినట్టు.

తెలియకపోవడం వాళ్ళ తప్పు కాదు. పూర్వం లావుకి కారణం ఏమిటంటే తలో మాటా చెప్పారు. అన్నం మానితే సన్నం అన్నారు. చెమట కారితే కొవ్వు కరుగుతుందన్నారు. రాత్రి ఏడు దాటితే మెతుకు విషమన్నారు. ఏదీ పారక, చివరికి దోషమంతా ఆకలిదే అని తేల్చారు. ఆకలంటే ‘ఆ కలి’యే అన్నాడొక పండితుడు. అలా పుట్టింది ఆకలిమౌని. పక్కటెముకల కింద గింజంత యంత్రం. నలభై ఏళ్ళుగా ఎవరికీ ఆకలి లేదు. గోడలోని కొలతగూడు పూటకో బూడిదరంగు ముద్ద ఇస్తుంది, తింటారు. పానకాలరావుకి పానకం పేరులోనే మిగిలింది.

“అమ్మకేం ఇష్టం?” ధరణి తన పట్టీని అడిగింది.

“రోజుకు మూడు ముద్దలు, నూట ఎనభై గ్రాముల చొప్పున. ‘ఇష్టం’ అనే గడి లేదు.”

అప్పుడే మౌని కార్యాలయం మనిషి ఖాసిం వచ్చాడు. చితికి ముందు తీసిన యంత్రాన్ని పరీక్షించి, ఫలితం ఇంటివాళ్ళకి చెప్పడం వాళ్ళ నియమం.

“సార్, మేడంగారి మౌని ఆరేళ్ళ కిందటే ఆగిపోయింది.”

“అబ్బే! ఆగితే లావెక్కాలిగా?”

“ముద్ద అంతే, మనిషీ అంతే సార్. ఆకలేసినంత మాత్రాన లావెక్కరు. అదొట్టి అపోహ.”

“మరి బాగుచేయించుకోలేదేం?”

“మేం కబురు పెట్టాం. ఆవిడ జవాబు ఇదీ.” ఖాసిం చదివాడు. “‘వద్దు బాబూ. ఆకలేస్తుంటే నేనున్నానని తెలుస్తోంది. మావాళ్ళకి చెప్పకు, బాగుచేయించేస్తారు.’”

“ఇంకొంచెం తింటారా అనేది నన్ను,” అన్నాడు పానకాలరావు. “రోజూ. ఇంకొంచెం ఎక్కడిదే పిచ్చిదానా అని నవ్వేవాణ్ణి. నా మౌని కూడా ఆపెయ్ బాబూ. ఆవిడకేం కావాల్సి వచ్చిందో తెలుసుకోవాలి.”

“తట్టుకోలేరు సార్.”

“ఆపు.”

ఖాసిం అయస్కాంతపు బిళ్ళ ఆయన పక్కటెముకల మీద ఆనించాడు. దర్భతో కాకిని చేసి ముగిద్దామన్నారు అవధానిగారు. పానకాలరావు ఒప్పుకోలేదు. ఎండ నడినెత్తికొచ్చింది. కాకులు కదల్లేదు.

అంతలో ఆయన కడుపులోంచి ఓ చప్పుడు లేచింది. సన్నగా మొదలై, గురగురమని తిరిగి, ఆగింది. బంధువులు వెనక్కి జరిగారు.

“ఏమిటది?” అన్నారు ఎవరో, భయంగా.

“ఆకలండీ,” అన్నాడు ఖాసిం. “కడుపు అలా పిలుస్తుంది.”

ధరణి ముఖం పాలిపోయింది.

“అమ్మ ఒళ్ళో తల పెట్టుకుంటే ఈ చప్పుడే వినిపించేది,” అంది అందరితోనూ. “ఏమిటమ్మా అంటే, గోడలో పైపమ్మా, నీళ్ళు తిరుగుతున్నాయి అనేది. నిజమే అనుకున్నాను. మూడుసార్లు ప్లంబర్ని పిలిపించాను.”