పాయింట్ ముందు రెండంకెలు

"ఓకే నొక్కకు!"

గూఢచారి కందిరీగ అరుపుకి బాంబుల మెకానిక్ వేలు కీప్యాడ్‌కి అంగుళం ఎత్తులో ఆగిపోయింది. డ్యామ్ గేట్ల కంట్రోల్ రూమ్‌లో ఎర్ర టైమర్ ఒకటే పరుగు. ఇంకా ఇరవై అయిదు సెకన్లు. పేలిందంటే గేట్లు కొట్టుకుపోతాయి. దిగువన పట్నం, అందులో మూడు లక్షల ప్రాణాలు.

"ఏంటి తమ్ముడూ, బాంబు కంటే ముందు నా గుండె పేలేలా ఉంది!"

"తప్పు నంబరు కొడితే ఇద్దరం ఇప్పుడే పోతాం. కాగితం సరిగ్గా చూడు."

ఆ కాగితం నెమలి ఇచ్చింది. విదేశీ ముఠాలో ఉంటూ వీళ్ల కోసం పనిచేసే డబుల్ ఏజెంట్. గంట క్రితం లిప్‌స్టిక్ గొట్టంలోంచి తీసి, ప్లంబర్ వేషంలో ఉన్న కందిరీగ చేతిలో పెట్టింది. "బాంబు ఆపే కోడ్. ముఠాకి తయారుచేసిచ్చింది మీ ఆఫీసు మనిషే. ఎవరో నాకూ తెలీదు," అంది. టైప్ చేసిన ఒకే ఒక్క లైను: 47.2 × 10¹¹.

"472 కొట్టి పదకొండు సున్నాలు పెట్టాగా?"

"పాయింట్ తర్వాతున్న రెండు ఒక స్థానం తినేసింది. పది సున్నాలే!"

"నా చదువు తగలెయ్యా!" మెకానిక్ ఒక సున్నా చెరిపాడు. 4720000000000. ఓకే.

రెండు సెకన్ల దగ్గర టైమర్ ఆగింది.

మెకానిక్ నేలమీద చతికిలబడి పగలబడి నవ్వాడు. కందిరీగకి నవ్వు రాలేదు. అతని చూపు ఇంకా కాగితం మీదే ఉంది.

పాయింట్ ముందు ఒకే అంకె ఉండాలి, 4.72 × 10¹² అని రాయాలి. అది ఆఫీసు రూలు. రెండంకెలు పెట్టి ఏళ్ల తరబడి చీవాట్లు తినేది ఒక్క మనిషే. అమ్మ పోయేనాటికి కందిరీగకి ఆరేళ్లు, ఆ మనిషికి పదహారు. అతన్ని వంటగట్టు మీద కూర్చోబెట్టి, కూరలు తరుగుతూ నక్షత్రాల దూరాలు రాయించేది. "ముందు ఒక్క అంకే ఉంటే దానికి బిక్కుబిక్కుమంటుందిరా. పక్కన తోడు పెట్టు." అలా రాసినందుకు బడిలో దెబ్బలు పడ్డాయి. ఆ సంగతి ఇంట్లో ఏనాడూ చెప్పలేదు.

ఫోన్‌లో చీఫ్ గొంతు. "శభాష్! సరే, ఆ కోడ్ తయారుచేసిందెవరో తెలిసిందా?"

"తెలిసింది సార్."

"నాన్చకు. ఎవరు?"

కందిరీగ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"కోడ్ సెక్షన్ హెడ్డు, సార్. మా అక్క."