మూడు వందల పన్నెండో గీత

ఆ రోజు పొద్దున ఎర్రప్ప ఇంట్లో ఉప్మా గిన్నెలోనే చల్లారిపోయింది. తినాల్సిన ముగ్గురూ చాప మీద పక్కపక్కన పెట్టిన రెండు లాప్‌టాప్‌ల ముందు కూర్చున్నారు. ఒకటి సింగిల్ కోర్, రెండోది డ్యూయల్ కోర్. స్క్రీన్ ఒకే కొలత, ర్యామ్ ఒకటే, పైరంగు కూడా ఒకటే నలుపు. తేడా అంతా కంటికి కనిపించని ప్రాసెసర్‌లో ఉంది. ఆ కనిపించని దాని ఖరీదే పదమూడు వేలు ఎక్కువ.

హిందూపురంలో కంప్యూటర్ల అంగడి పెట్టుకున్న అయాజ్, ఎర్రప్ప కొడుకు రవికుమార్‌తో కలిసి చదువుకున్నవాడు. ఒక రోజు వాడి చూసి, సాయంత్రం రైలుకు వద్దనుకున్నది తిరిగి పంపమని రెండూ నమ్మి ఇచ్చాడు. "ఇది ఒంటి మగ్గం. అది ఒకే ఇంట్లో రెండు మగ్గాలు. ఇద్దరు పని పంచుకుంటే యా మాత్రం తొందరగా అయితాదో మీకు నేను చెప్పాల్నా?" అన్నాడు. ధర్మవరం వాళ్లకు అంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు.

రవికుమార్ చెల్లెలు నీలావతి మూడేళ్లు ఒక డిజైన్ సెంటర్లో పనిచేసింది. గ్రాఫు కాగితం మీది చీర డిజైన్‌ను కంప్యూటర్లోకి ఎక్కించి, మగ్గం మీద తిరుగుతూ డిజైన్ నడిపించే చిల్లుల అట్టలకు సిద్ధం చేయడం ఆమె పని. పోయిన నెల ఆ సెంటర్ మూతపడింది. ఇంట్లోనే పని చేసి వారంలో డిజైన్లు ఇస్తే తన పనంతా ఆమెకే ఇస్తానని ఒక షావుకారు మాట ఇచ్చాడు. కుదరకపోతే బెంగళూరు గార్మెంట్సే గతి. సింగిల్ కోర్‌కు ఆమె దాచుకున్నది సరిపోతుంది. డ్యూయల్ కోర్ కావాలంటే మాత్రం నడి ఇంట్లో ఉన్న మగ్గం అమ్మాలి. కొనడానికి కనగానపల్లి మనిషి మరుసటి రోజే వస్తానన్నాడు.

అది వాళ్లమ్మ అక్కమ్మ మగ్గం. రెండేళ్ల క్రితం ఆమె నేస్తూ నేస్తూనే, కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతలోకి ఒరిగి ప్రాణం విడిచింది. సగం చీర ఇంకా మగ్గం మీదే ఉంది. ఎర్రప్ప ఆ తర్వాత మగ్గం ఎక్కలేదు. ఊళ్లోవాళ్ల మగ్గాలకు పోగులు అతికి వస్తాడు. ఇంట్లో మగ్గాన్ని మాత్రం ఎవరినీ తాకనివ్వడు, దుమ్ము కూడా దులపనివ్వడు.

"మగ్గం జోలికి పోవద్దండి. చిన్న మిషిను చాలు" అన్నాడు ఆ రోజు కూడా.

"నాయనా, సామాను పాతదైతే తీసేయాల. రెండేండ్లుగా ఎలుకలకు ఇల్లు ఇచ్చినట్ల ఉండాది ఆ మగ్గం" అన్నాడు రవికుమార్.

"ఎందుకన్నా మాటలు? రెండిట్లోనూ ఒకే డిజైను పెడదాం. ఏది పని చేస్తాదో అదే చెప్తాది" అంది నీలావతి.

ఆమె సీడీలో దాచుకున్న వాటిలో అన్నింటికంటే కష్టమైనది అమ్మ గీసిన నెమళ్ల కొంగు. ఆఖరి చీరదే. సెంటర్ మూసేముందు స్కాన్ చేసి పెట్టుకుంది. దాన్నే రెండింటిలోకీ ఎక్కించి ఒకేసారి మొదలుపెట్టింది. స్క్రీన్ మీద అడుగు నుంచి ఒక్కో గీత పైకి లేస్తూ వచ్చింది, చీర నేసినట్లే. డ్యూయల్ కోర్ పదమూడు నిమిషాల్లో వెయ్యి గీతలూ ముగించి గమ్మున కూర్చుంది. సింగిల్ కోర్ నింపాదిగా నడిచి, మూడు వందల పన్నెండో గీత దగ్గర ఆగిపోయింది.

చచ్చిపోలేదు. లోపల ఫ్యాన్ రొప్పుతూనే ఉంది. ఆరేడు నిమిషాలకు మళ్లీ కదిలి, మిగతాదంతా మామూలుగా చేసింది. నీలావతి మళ్లీ మొదటి నుంచి పెట్టింది. మళ్లీ అక్కడే ఆగింది. మూడోసారీ అదే గీత.

మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయింది. వీధిలో మిక్సీలు, టీవీలు ఒక్కసారిగా మూగబోయాయి. ఇంట్లో వినిపించేది బ్యాటరీ మీద నడుస్తున్న ఆ చిన్న మిషను రొప్పు ఒక్కటే. ఆయాసపడే మనిషి ఊపిరిలా ఉంది. అప్పుడే నడి ఇంట్లో, ఎవరూ లేని మగ్గం పైన "టక్" అని ఒక చప్పుడు. అన్నాచెల్లెళ్లు తలెత్తి చూశారు. గాలి లేదు. అయినా పోగులు సన్నగా వణుకుతున్నాయి.

"ఎలుకలే" అన్నాడు రవికుమార్. అన్నాడే గానీ లేచి చూడలేదు.

గడప దగ్గర ఎర్రప్ప నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో. "యాడ నిలిచింది పాపా?" అని అడిగాడు.

"మూడు వందల పన్నెండు, నాయనా."

ఆ అంకె వినగానే ఆయన వెనుదిరిగి పెరట్లోకి వెళ్లి, పట్టపగలే గొంగడి కప్పుకొని కూర్చున్నాడు.

నీలావతి అయాజ్‌కు ఫోన్ చేసింది. అతను కాసేపు విని, "భయపడద్దమ్మా. స్కాన్‌లో ఆ గీత కాడ మరక యాదో ఉంటాది. ఒకే ఎరుపు వంద రకాల ఎరుపుగా కనపడతాంటాది. పెద్ద ప్రాసెసర్ తొక్కుకుంటా పోతాది. చిన్నదానికి అంత శక్తి యాడిది? నిలిచిపోతాది" అన్నాడు.

నీలావతి అసలు గ్రాఫు కాగితాన్ని దూలం సందులోంచి తీసింది. మూడు వందల పన్నెండో గీత పక్కన కుంకుమ చుక్క. నూనె చేతి వేలితో పెట్టినదేమో, కాగితంలోకి ఇంకిపోయింది. స్కాన్ చేసిన రోజు ఆమె దాన్ని ఒట్టి మరక అనుకుంది. అమ్మ అలవాటు ఆమెకు తెలుసు. మగ్గం దిగేటప్పుడు ఆపిన గీత పక్కన కుంకుమ పెట్టేది. మరునాడు దీపం వెలిగించాకే దాన్ని తుడిచి మళ్లీ కూర్చునేది. పొద్దు మారకుండా తుడవకూడదనేది. చుక్క పెట్టిందంటే ఆ రోజుకు పని అయిపోయినట్లే.

మరి అమ్మ ఒరిగింది మగ్గం మీదే కదా?

నీలావతి రెండేళ్లలో మొదటిసారి మగ్గం దగ్గరకు వెళ్లింది. పైన అట్టలు ఎక్కడ ఆగాయో అక్కడే వేలాడుతున్నాయి. ముందున్న అట్ట మీద నంబరు చూసింది. ఐదు వందల అరవై. ఒక్కో గీతకు ఒక అట్ట. చుక్క ఒకచోట, చీర ఒకచోట. మధ్యలో రెండు గంటల పని.

ఆమె కాగితం పట్టుకుని పెరట్లోకి నడిచింది. రవికుమార్ వెంట వెళ్లాడు.

"నాయనా, చుక్క పెట్టి దిగినాక అమ్మను మళ్లీ ఎవరు కూర్చోబెట్టినారు?"

ఎర్రప్ప గొంగడిని ఇంకా దగ్గరికి లాక్కున్నాడు.

"చెప్పు నాయనా!"

"నేనే" అన్నాడు గొంగడిలోంచే. "రొమ్ము పట్టేసినట్ల ఉండాది, ఆస్పత్రికి పోదామా అనింది. ఆ పొద్దు షావుకారు మనిషి వస్తాండాడు. నెమలి తల ఒకటి ముగించి దిగుమే, చూపించల్ల అని నేనే అంటి. ఒక్క మాట ఎదురు చెప్పకుండా పోయి కూర్చునింది."

"పని చేస్తానే పోయింది, పుణ్యాత్మురాలు అని ఊరంతా అంటాంటే వింటా కూర్చున్నావు గదా!" అని రవికుమార్ అరిచాడు.

"వింటా ఉన్నా. ఆ మాట విన్న ప్రతిసారీ చస్తా ఉన్నా. ఆగమన్న చోట ఆ చిన్న మిషినన్నా ఆగింది. నేను ఆగనియ్యల్యా."

నీలావతికి ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపంతోనే చేయి పట్టి లేపింది. "నెమలి తల ఎట్లొచ్చిందో చూసినావా?"

"చూడల్యా. ఒక్క దినమూ చూడల్యా."

"రా, చూద్దువు."

మగ్గం మీద చుట్టిన చీరను ముగ్గురూ కలిసి కొంచెం కొంచెంగా విప్పారు. దుమ్ము కింద జరీ అలాగే మెరుస్తోంది. నెమలి తల ముగిసింది, కుచ్చు, కన్ను, ముక్కు, అన్నీ. ఆ రెండు గంటల్లో ఒక్క పోగు కూడా తప్పలేదు. అది చూసి ఎర్రప్ప మగ్గం కొయ్యకు తల ఆనించి పసిబిడ్డలా ఏడ్చాడు. వద్దనుకుంటూనే నీలావతి ఆయన వీపు మీద చేయి వేసింది. రవికుమార్ మాత్రం దూరంగా నిలబడి కళ్లు తుడుచుకున్నాడు.

"పెద్ద మిషినే పెట్టుకో పాపా" అన్నాడు ఎర్రప్ప. "మగ్గం ఇచ్చేద్దాం. కనగానపల్లి ఆయప్పను పదైదు దినాలు ఆగమను. మీయమ్మ చీర దించినంక ఇస్తా."

సాయంత్రం సింగిల్ కోర్‌ను సంచిలో పెట్టే ముందు నీలావతి ఆఖరిసారి ఆ డిజైన్ నడిపింది. అది మూడు వందల పన్నెండు దగ్గర ఆగి రొప్పసాగింది. ఈసారి ఆమె ఎదురుచూడలేదు. "చాల్లే" అని ఆపేసింది. పెనుకొండ మీదుగా పోయే రైల్లో రవికుమార్ దాన్ని హిందూపురం తీసుకువెళ్లాడు.

మరునాడు ఎర్రప్ప దీపం వెలిగించి, పాత చుక్క మీద తడి వేలు రుద్ది, మగ్గం ఎక్కాడు. రెండేళ్లుగా కదలని తొక్కుడు కొయ్య కిర్రుమనకుండా కిందికి వెళ్లింది, నిన్నటిదాకా ఎవరో తొక్కుతున్నట్లే. ఆయన ఒక్క క్షణం ఆగి, నేయడం మొదలుపెట్టాడు.

అలవాటు తప్పిన చేతులతో దినమంతా మెల్లగా నేశాడు. పొద్దు వాలే వేళకు పై వరస నెమలి మెడ మీది హారం ముగియడానికి ఇంకా నాలుగు గీతలే ఉన్నాయి.

"చాలు నాయనా, దిగు" అంది నీలావతి.

ఎర్రప్ప చేతులు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. మిగిలిన నాలుగు గీతల వైపు చూడలేదు. వేలితో కుంకుమ అద్ది, ఆపిన గీత పక్కన చుక్క పెట్టి, వెంటనే దిగిపోయాడు.